గౌరవ కార్యదర్శి కూర్చున్న చోటు

ముప్పై మూడేళ్లు రైలు టిక్కెట్లు అమ్మాను. ఆ ఉద్యోగం గురించి నన్ను ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి మాత్రం ఏముంది? టిక్కెట్లు కొన్నవాళ్లు ఊళ్లు తిరిగారు, అమ్మినవాణ్ణి కిటికీ వెనకే ఉండిపోయాను. చెప్పుకోదగ్గ ప్రయాణం నేనేదైనా చేశానంటే అది జీతం లేని ఒక ఉద్యోగంలో చేశాను. దాని దూరం రెండు జానలు. ఆ సంగతి చివర్న వస్తుంది.

మీలో చాలామందిని ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక సంఘానికి గౌరవ కార్యదర్శిని చేస్తారు. తప్పించుకోలేరు. చేతిరాత బాగుందనో, కాదనడం చేతకాదనో పట్టుకుంటారు. నన్ను పట్టుకోవడం మరీ తేలిక. నేనెప్పుడూ ఒకే కిటికీ వెనక దొరుకుతాను. పైగా అది అరవయ్యో దశకం చివర, గజపతినగరం స్టేషను. రాయగడ వైపు ఓ బండి, విజయనగరం వైపు ఓ బండి వెళ్లాక, మళ్లీ బండి వచ్చేదాకా నాకూ కాకులకీ తప్ప ప్లాట్‌ఫారం మీద ఎవరికీ పనుండేది కాదు. ఖాళీగా ఉన్నవాడి చేతిలో పుస్తకం పెట్టారు. అది మినిట్సు పుస్తకం. గౌరవ కార్యదర్శి అన్న మాటలో గౌరవం అధ్యక్షులది, కార్యం నాది, దర్శనం ఎవరిదీ ఉండదని నాకప్పుడు తెలియదు.

సంఘం చిన్నది. ఊరి చివర రెండు గదుల పెంకుటింట్లో, వారానికోసారి సంతరోజున, పెద్దరోగం వచ్చినవాళ్లకి మాత్రలిచ్చి పుళ్లకి కట్లు కట్టేవారు. కుష్ఠు అన్న మాట ఆ రోజుల్లో ఎవరూ పైకి అనేవారు కాదు. సంతరోజునే ఎందుకంటే, ఆ రోజు ఊళ్లోకి ఎవరొచ్చినా ఎందుకొచ్చావని అడగరు. ముప్పై నలభై మంది వచ్చేవారు. మిషన్ ఆసుపత్రికి వెళ్దామంటే బస్సులో చేతివేళ్లు చూసి దింపేసేవారు. అందుకని వాళ్లకి ఆ ఇల్లే దిక్కు.

పని చేసేది ఒక నర్సమ్మ. పాతపట్నం వైపు మనిషి, బాప్టిస్టు చర్చి కుటుంబం, మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుంది. పని చెయ్యనిది మేం అయిదుగురం. అధ్యక్షులు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ఉద్యోగం విరమించారు గాని గొంతు విరమించలేదు. ఉపాధ్యక్షుడు రైసుమిల్లు యజమాని. కోశాధికారి బట్టల కొట్టు షావుకారు. సహాయ కార్యదర్శి ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. అయిదోవాణ్ణి నేను.

ఇల్లిచ్చింది ఒక పెద్దావిడ, రైసుమిల్లాయనకి మేనత్త. భూములున్న వ్యవసాయ కుటుంబం. ఇల్లు సంఘం పేర రాసి, తాను విజయనగరంలో కూతురింటికి వెళ్లిపోయింది. ఆ కాగితంలో ఒక షరతు రాయించింది: కమిటీవారు నెలకొకసారి ఆ ఇంట్లోనే కూర్చుని సభ జరుపుకోవాలి. వరసగా మూడు నెలలు జరపకపోతే ఇల్లు తిరిగి ఆవిడకో, ఆవిడ తరవాత వారసులకో వెళ్లిపోతుంది. తాళంచెవులతో పాటు, తాడు కట్టిన కొత్త జంపఖానా ఒకటి కూడా ఇచ్చింది. "మీరు కూకోడానికి" అంది. తాళంచెవులు నర్సమ్మ తీసుకుంది. జంపఖానా ఎవరు తీసుకున్నారో నేను చూడలేదు.

మొదటి సభకి అందరం వెళ్లాం. వెళ్లి, రోడ్డు మీద నిలబడ్డాం. లోపల కట్లు కడుతున్నారు. మందు వాసన. గోడ వారన మనుషులు. అధ్యక్షులు రోడ్డు మీదనుంచే సభ ప్రారంభించి, రోడ్డు మీదనుంచే ముగించారు. "పుస్తకం ఇంటికి పంపించవయ్యా, సంతకం పెడతాను. ఎక్కడ పెడితేనేం?" అన్నారు. అలా మొదలైంది.

ఆ తరవాత దాదాపు రెండేళ్లు మా సంఘం సైకిలు మీద నడిచింది. ఆ సైకిలు నాది. నెల మొదట్లో, రెండు బళ్ల మధ్య ఖాళీలో, జరగని సభకి మినిట్సు రాసేవాణ్ణి. సాయంత్రం నాలుగిళ్లూ తిరిగి సంతకాలు చేయించేవాణ్ణి. కోరం అంటే ఇంగ్లీషులో కనీసపు హాజరు, మాకు ముగ్గురు. మా దగ్గర మాత్రం అది అచ్చ తెలుగు. రమ్మని మేం ఎవరినీ కోరం.

రాయగా రాయగా నాకు రుచి పుట్టింది. మొదట్లో "అధ్యక్షులవారి అధ్యక్షతన సభ్యులందరూ ఆసీనులై" అని మూడు వాక్యాల్లో ముగించేవాణ్ణి. ఆరో నెలకి చర్చలు పుట్టుకొచ్చాయి. ఒకసారి హెడ్మాస్టరుగారు అద్దాలు పెట్టుకుని చదివి, నొచ్చుకున్నారు.

"ఏమయ్యా, నెలనెలా నేను సభ ప్రారంభించడం, ముగించడం తప్ప ఏమీ అనడం లేదేం? నాకు అభిప్రాయాలే లేవనుకుంటారు. ఈసారి ఆరోగ్యం మీద నాలుగు ముక్కలు మాట్లాడినట్టు రాయి."

"ఏం మాట్లాడారు మేష్టారూ?"

"అది నువ్వు చూసుకో. మరీ పొడుగ్గా మాట్లాడించకు."

షావుకారు కౌంటరు మీద గజం బద్ద పక్కకి జరిపి సంతకం పెడుతూ, "టీ ఇచ్చినట్టు రాసేవా?" అన్నాడు.

"రాశానండి."

"బిస్కట్లు కూడా రాసీ. మన సంఘమేటి, తక్కువేటి?"

మిల్లాయన కోరిక వేరు. "అందరూ ఒప్పీసుకుంటే బాగోదండి. ఓ పాలి నాను ఎదురు సెప్పినట్టు రాయండి. పెద్ద పెద్ద కమిటీల్లోన సెప్తారు."

"దేనికి ఎదురు చెప్పారండి?"

"ఏదో ఒకదానికి లెండి."

పాక తీర్మానానికి ఆయన చేత ఎదురు చెప్పించాను. చివరికి అధ్యక్షులవారి వాదనకి తలొగ్గించి, ఏకగ్రీవం చేశాను. ఏకగ్రీవం అంటే ఒకే మెడ అని అర్థం. ఆ మెడ నాదేనని తరవాత తెలిసింది.

పాక సంగతి చెప్పాలి. గదులు ఇరుకు. ఒకరికి కట్టు కడుతుంటే మిగతావాళ్లు బయట గోడ వారన కూర్చోవాలి. ఎండైనా, వానైనా అంతే. ముందు ఒక తాటాకు పాక వెయ్యమని నర్సమ్మ అడిగింది. నేను తీర్మానం రాశాను, ఆమోదమైంది. మళ్లీ అడిగింది. మళ్లీ రాశాను. ఏడుసార్లు ఏకగ్రీవంగా ఆమోదించిన ఆ పాకకి ఒక్క గుంజ కూడా పాతలేదు. ఓ వర్షాకాలం సంతరోజున పుస్తకంతో అటుగా వెళ్తే, నర్సమ్మ గుమ్మంలోంచి పలకరించింది.

"బాబూ, పాక ఏటయినాది?"

"పాసైందమ్మా. ఇదిగో, పుస్తకంలో ఉంది."

గోడ వారన తడుస్తున్నవాళ్లని చూపించింది. "అయితే ఆ పుస్తకమిలాగియ్యండి. ఈళ్లకి కప్పుతాను."

నవ్వేసి సైకిలెక్కాను. ఆ నవ్వు గజపతినగరం దాటి ఎక్కడికీ వెళ్లలేదు; ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అవి కుదురులేని రోజులు. కొండల్లో అలజడి. పార్వతీపురం వైపునుంచి వచ్చే బస్సుల్ని ఆపి చూసేవారు. సంఘం అన్న మాట చెవిన పడితే చాలు, పోలీసులు తిరిగి చూసేవారు. ఒకసారి బస్టాండు దగ్గర ఓ కానిస్టేబులు నా సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు.

"ఏటా పుస్తకం?"

"సంఘం మినిట్సండి."

"సంఘమా! ఏ సంఘం?"

"పెద్దరోగం సంఘమండి."

హ్యాండిలు వదిలేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. నేను గర్వంగా తొక్కుకుంటూ పోయాను. ఆ రోగాన్ని చూసి నేనూ రోడ్డు మీదే ఆగిపోయేవాణ్ణన్న సంగతి మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

ఇలా ఉండగా మిల్లాయన ఒకరోజు టిక్కెట్ల కిటికీ దగ్గరికొచ్చాడు. టిక్కెట్టుకి కాదు.

"బాబుగారూ, మిల్లుకి గోడౌను సాలటం లేదు. ఆ ఇల్లు నాకు కావాల. మీటింగులు జరగటం లేదని మాయత్తకి ఉత్తరం రాసీసేను."

నాకు నవ్వొచ్చింది. "ఉపాధ్యక్షులు మీరే కదండీ. ప్రతి పేజీలో మీ సంతకముంది."

"సంతకం పెట్టమన్నారు, పెట్టీసేను. కూకోమన్నారేటి?"

వారం తిరక్కుండా విజయనగరం నుంచి కార్డొచ్చింది. కూతురి చేత రాయించినట్టుంది. "నెల మొదటి సంతరోజున పొద్దుటి పాసింజరుకి వస్తున్నాను. మీటింగు చూసి సాయంత్రం బండికి వెళ్లిపోతాను."

ఆ వారం రోజులూ నా కాళ్లు ఒకచోట నిలవలేదు. ఆవిడ ఔనంటే ఇల్లు గోడౌనైపోతుంది. గోడ వారన కూర్చునేవాళ్లకి ఇక గోడ కూడా ఉండదు. రోజుకి రెండుసార్లు నాలుగిళ్లూ చుట్టబెట్టాను. హెడ్మాస్టరుగారు "తప్పకుండా" అన్నారు. షావుకారు "సంతరోజున కొట్టు ఎలాగొదుల్తానండి? సూస్తాను" అన్నాడు. గుమాస్తా కోర్టు పనుందన్నాడు. కిటికీ వెనక కూర్చుంటే వేళ్ల మీద కోరం లెక్క. నేనొకణ్ణి, మేష్టారితో ఇద్దరు, మూడోవారు ఎవరు? ఆ ధ్యాసలో ఒకాయన బొబ్బిలికి అడిగితే పార్వతీపురానికి ఇచ్చాను.

"ఇదేటి బాబూ! నాను బొబ్బిలంటే అక్కడికి తోలెస్తన్నారు? అక్కడేవో గొడవలుగున్నాయంట గదా!"

ఆ రోజు రానే వచ్చింది. డ్యూటీ మార్చుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. పెద్దావిడ గొడుగుని కర్రలా ఆనించుకుంటూ దిగింది. సన్నగా, పొడుగ్గా, నీరుకావి చీరలో. నా చేతిలో పుస్తకం చూసింది గాని అడగలేదు. దారి పొడుగునా ఒక్కటే ప్రశ్న.

"నెలనెలా కూకుంటన్నారా బాబూ?"

"ఆఁ... పుస్తకం ప్రకారం..."

"పుస్తకం కాదు. మీరు."

నేను రోడ్డు మీది గుంతలు చూపించి, జాగ్రత్తగా నడవమన్నాను.

ఇంటి ముందు అప్పటికే పాతికమంది ఉన్నారు. మమ్మల్ని చూసి, అలవాటు కొద్దీ లేచి దూరంగా జరిగారు. రోడ్డుకి అవతల, ఓ చిన్న కిళ్లీకొట్టు చూరు కింద, గొడుగు వేసుకుని హెడ్మాస్టరుగారు. ఇవతల సైకిలు మీద ఒక కాలు నేలకానించి మిల్లాయన. మిగతా ఇద్దరూ లేరు.

పెద్దావిడ తిన్నగా లోపలికెళ్లి, "నర్సమ్మా, నానిచ్చిన జంపఖానా ఏదీ?" అంది.

అదెక్కడుందో నాకు తెలీదు.

నర్సమ్మ మందుల పెట్టె పక్కనున్న చెక్కపెట్టె తెరిచి, రెండు చేతులతో బయటికి తీసింది. ఇచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. కట్టిన తాడు కూడా విప్పలేదు. పెద్దావిడ వంగి ముడి విప్పుతుంటే మడతల్లోంచి వేపాకులు రాలాయి. కొన్ని ఎండినవి, కొన్ని పచ్చివి.

"సిమ్మట్లు కొట్టకుండా నెలనెలా ఆకు మారుస్తన్నానమ్మా" అంది నర్సమ్మ. "ఎవులూ అడగలేదు. నానియ్యలేదు."

జంపఖానా నేల మీద పరుచుకుంది. ఎరుపు, నీలం చారలు. ఒక్క మరక లేదు. మడత గీతలు మాత్రం ఇస్త్రీ చేసినట్టున్నాయి. పెద్దావిడ నా వైపు తిరిగింది.

"పోయిన నెల ఏటి జరిగిందో సదువు బాబూ."

చదివాను. ఇంకేం చెయ్యను? "అధ్యక్షులవారి అధ్యక్షతన సభ్యులందరూ ఆసీనులై..."

"ఆసీనులంటే?"

"కూర్చుని అనమ్మా."

"ఎక్కడ?"

పుస్తకం మూశాను. "సభలు జరగలేదమ్మా. ఒక్కటీ జరగలేదు. మేష్టారు ఆరోగ్యం మీద మాట్లాడిన మాటలతో సహా అన్నీ నేనే రాశాను. మొదటిరోజు తప్ప మేమెవరం ఈ గుమ్మం దగ్గరికి కూడా రాలేదు."

తిడుతుందనుకున్నాను. ఆవిడ జంపఖానా మీద కూర్చుంది. చేత్తో చార మీద రాస్తూ, ఎవరితోనూ కానట్టు చెప్పింది.

"నా తమ్ముడికి పద్నాలుగేళ్లప్పుడు మచ్చ లేసినాది. పశువుల సాలలోన ఉంచీసేరు. కూడు కర్రతో తోసీవోరు. ఆడు కూడు అడగలేదు, గుడ్డ అడగలేదు. 'అప్పా, నా పక్కని సిటంసేపు కూకోవే' అని అడిగీవోడు. నాను సాల బయటే నిలబడిపోనాను. ఆడెల్లిపోయేదాకా నిలబడే ఉన్నాను." ఆగింది. "అందుకే కాయితంలోన కూకోవాలని రాయించేను. ఏటి సేస్తారో, ఏటి తీర్మానిస్తారో నాకెందుకు? కూకోండని రాయించేను."

గుమ్మంలో నిలబడ్డ ఒక నేతపని ముసలాయన్ని చూసి, "రా, ఇలాగొచ్చి కూకో" అంది.

"మేం కూకుంటే ఆ బాబులు కూకోరమ్మా" అన్నాడతను.

"ఇప్పుడు మాత్రం కూకున్నారేటి?"

అతను వచ్చి నడుమ కూర్చున్నాడు. అతని వెనక మరో నలుగురు. ఆవిడ నా వైపు చూసింది. మీకు అబద్ధం చెప్పి లాభం లేదు. చెప్పులు విప్పడానికే చాలాసేపు పట్టింది. గుమ్మానికి దగ్గరగా, జంపఖానా అంచున, సగం నేల మీద సగం గుడ్డ మీద కూర్చున్నాను.

"ఒకరు" అంది ఆవిడ. తరవాత కిటికీలోంచి గొంతెత్తింది. "మేష్టారూ! పుస్తకంలోన మీరు ఆరోగ్యం గురించి మా బాగా మాటాడేరంట! ఇలాగొచ్చి మాకూ సెప్పండి!"

రోడ్డు మీద సంతకి పోయేవాళ్లు ఆగి చూశారు. హెడ్మాస్టరుగారు వచ్చారు. రావడమే కాదు, నా పక్కన కూర్చున్నారు. కంగారులో గొడుగు మూయడం మరిచిపోయారు. ఇంట్లో, పెంకుల కింద, గొడుగు వేసుకుని కూర్చున్న ఆ మనిషి నా చెవిలో అడిగారు: "ఆరోగ్యం మీద నేనేం మాట్లాడానయ్యా?"

"ఇద్దరు" అంది పెద్దావిడ. "బాబూ, నువ్వు సైకిలెక్కి షావుకారు కొట్టుకెల్లు. ఆడి కాడ కొన్న జంపఖానా మడతల్లోన సిరిగిపోనాదని సెప్పు."

"చిరగలేదు కదమ్మా."

"రెండేళ్లు అబద్దాలు రాసినావు. ఒకటి సెప్పలేవేటి?"

వెళ్లి చెప్పాను. కొట్టునిండా జనం. షావుకారు మొహం ఎర్రబడింది. "సిరగటమేటి! మా కొట్లో సరుకే!" అని గజం బద్ద చేత్తోనే నా సైకిలు వెనక ఎక్కాడు. వచ్చీ రాగానే మోకాళ్ల మీద కూలబడి, మడత మడతా వేళ్లతో తడిమాడు. పోగు లాగి చూశాడు. "ఏదండీ? ఎక్కడ సిరిగింది?" అంటూ నేతాయన దాకా పాక్కుంటూ వెళ్లాడు.

నేతాయన వంకరపోయిన వేలితో నేత చూపించి, "మంచి సరుకే బాబూ. పడుగు గట్టిది" అన్నాడు.

"అదీ! సెప్పండి ఆవిడకి!" అన్నాడు షావుకారు, విజయం సాధించినట్టు చతికిలబడుతూ. అప్పుడు తాను ఎక్కడ కూర్చున్నాడో చూసుకున్నాడు. లేవబోయాడు. సరుకు మెచ్చుకున్నవాడి పక్కనుంచి లేవడం ఏ వ్యాపారస్తుడికైనా కష్టమే. కాస్త వెనక్కి, అంచుకి జరిగి ఊరుకున్నాడు.

"ముగ్గురు" అంది పెద్దావిడ. "ఇప్పుడు రాయి. ముందటి సభలు జరగలేదని రాయి."

కలం ఆగిపోయింది. కిటికీ అవతల మిల్లాయన వింటున్నాడు. అది రాస్తే ఇల్లు ఆయన చేతికి నేనే అందించినట్టు. రాయకపోతే ఆ పేజీలన్నీ అలాగే ఉండిపోతాయి. ఆవిడ మొహం చూసి రాశాను. రెండేళ్లలో నేను రాసిన మొదటి నిజం అది. ఒకే ఒక్క వాక్యం. నా జీవితంలో అంత మెల్లిగా ఎప్పుడూ రాయలేదు.

మిల్లాయన సైకిలు గోడకానించి గుమ్మం దాకా వచ్చాడు. "అయితే ఇల్లు మనదేగదత్తా! కాయితంలోన అలాగే ఉన్నాది."

"నానింకా సావలేదు గదరా. ఇచ్చింది నాను. తీసుకోవాలంటే నాను తీసుకోవాల."

"ఈళ్లు రెండేళ్లు దొంగ సంతకాలు పెట్టేరు!"

"నువ్వు పెట్టలేదేటి? ఎక్కడ కూకుని పెట్టేవు?"

"మిల్లు కాడ."

"మీటింగు మిల్లులోన జరిగితే మిల్లే సంఘానిది. రాసిచ్చీ."

నేతాయన పైకే నవ్వాడు. వెనకవాళ్లూ నవ్వారు. ఆ ఇంట్లో అంతమంది నవ్వడం నేను అదే మొదట వినడం. మిల్లాయన లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. హాజరు పట్టీలో ఆయన్ని ఏమని రాయాలో ఎంత ఆలోచించినా తెలియలేదు. వదిలేశాను.

తీర్మానం ఒకటే, పాక. ఎవరేం ఇస్తారు, ఎవరు కడతారు అన్నది గంట సేపట్లో తేలింది. తాటాకు తెస్తామన్నది గోడ వారన కూర్చునేవాళ్లే. హెడ్మాస్టరుగారు ఆ సభలో నిజంగా అన్న మాట, "గుంజలు మా పెరట్లో ఉన్నాయి" అని. ఆయన అన్నవాటిలో అంత మంచి వాక్యం నేనెప్పుడూ కల్పించలేకపోయాను.

సాయంత్రం బండి ఎక్కుతూ పెద్దావిడ చెప్పింది: "వానలెల్లేక మళ్లీ వస్తాను. ఇల్లు సంగతి అప్పుడు సెప్తాను. పుస్తకం సూడను. జంపఖానా మాసుండాల."

ఇంటికెళ్తే మా ఆవిడ నూతి దగ్గరే ఆపేసింది. చేదతో నీళ్లు తోడి పోస్తుంటే వద్దనలేదు. పైగా సున్నిపిండి అడిగాను. ఆ తరవాత చాలా నెలలు ఒంటి మీద ప్రతి మచ్చనీ వెలుగులోకి తెచ్చి చూసుకునేవాణ్ణి. ఒకసారి సిరామరక చూసి అన్నం మానేశాను. మాత్రలు మింగుతున్నవాళ్ల వల్ల భయం లేదని నర్సమ్మ ఎన్నిసార్లు చెప్పినా, చెవికి తెలిసింది ఒంటికి తెలియడానికి చాలా కాలం పట్టింది.

పాక పది రోజుల్లో లేచింది. సభలు మాత్రం తంటాలు పడుతూ జరిగాయి. నెలనెలా కోరం కోసం అదే పరుగు. గుమాస్తా ఒక సలహా చెప్పాడు. "ఇంత అవస్థ ఎందుకండీ? మాసుండాలనే కదా ఆవిడ అంది! నాలుగు గుప్పిళ్లు దుమ్ము జల్లి, కుర్రాళ్ల చేత తొక్కించేద్దాం." నాకు కోపం రాలేదు. వినగానే బాగుందనిపించింది. అదీ నా సంగతి. రెండు రోజులు దాని గురించి ఆలోచించి, మూడోరోజు వద్దన్నాను.

వానలు వెలిశాక ఆవిడ చెప్పినట్టే వచ్చింది. ఆ రోజు సభకి నలుగురం ఉన్నాం. గుమాస్తా కూడా వచ్చాడు. మిల్లాయన రాలేదు గాని, గోడౌను మాట ఎత్తడం మానేశాడు. నేతాయనా, మరికొందరూ అప్పటికే నడుమ కూర్చుని ఉన్నారు. ఆవిడ అందరినీ లేవమంది. జంపఖానాని వెలుగులోకి, కొత్త పాక కిందికి లాగించింది. గొడుగు కొనతో నాలుగు వైపులా తిరుగుతూ చూసింది.

"నడుమ మాసినాది" అంది. "ఈళ్లు కూకున్న చోటు. ఈ చివర అంచు మాసినాది. మీరు కూకున్న చోటు." గొడుగు కొన రెంటికీ మధ్య ఆగింది. అక్కడ ఎరుపు ఎరుపుగా, నీలం నీలంగా, కొట్లోంచి వచ్చిన రోజున ఉన్నట్టే, రెండు జానల పట్టీ ఒకటి. "ఇక్కడెవులూ కూకోలేదు."

నెలనెలా వచ్చాం, కూర్చున్నాం, నిజమే రాశాం. అయినా ఆ పట్టీ అలాగే ఉంది. నేను పేజీల్లో దాచిపెట్టగలిగింది గుడ్డ మీద దొరికిపోయింది.

ఇల్లు సంగతి ఏం చెబుతుందోనని అందరం నిలబడ్డాం. ఆవిడ జంపఖానా మళ్లీ లోపల పరిపించి, గోడకానుకుని కూర్చుని, మమ్మల్ని చూస్తూ ఊరుకుంది. నేతాయన తన చోట కూర్చున్నాడు. అంచు దగ్గర నా చోటు ఖాళీగా ఉంది, మొహమాటంగా పిలుస్తోంది.

జరిగాను. ఆ పట్టీ మీద కూర్చున్నాను. కూర్చునే తొందరలో కొలత తప్పినట్టుంది, నా మోకాలు నేతాయన మోకాలికి తగిలింది.

నేతాయన నా వైపు తిరిగి విసుక్కున్నాడు. "కాస్త అటు జరగండి బాబూ. అంత సోటుంటే నా మీద కూకుంటారేటి?"

పెద్దావిడ గొడుగు తీసుకుని లేచింది. "బండి టైమయినాది" అంది. గుమ్మం దాటుతూ వెనక్కి చూడకుండా, "ఇల్లు ఇల్లే. కూకోండి" అంది.

ఆ నెల మినిట్సులో హాజరు, తీర్మానం, సంతకాలు అన్నీ సరిగా రాశాను. నేతాయన అన్న మాట మాత్రం రాయలేదు. సభా మర్యాద కాదనిపించింది. రాయవలసింది అదొక్కటే అని ఇప్పుడనిపిస్తోంది.